చెడిన ఇంజనును విప్పు విధము

వార్షిక సంచికలో ప్రధానోపాధ్యాయుని వ్యాసమనగా అందేమి యుండునో తల్లిదండ్రులు చదువకయే చెప్పగలరు. బాలురు వేకువనే లేవవలెననియు, మాతృభాషను మరువరాదనియు నాలుగు హితవాక్యములుండును. అవి యన్నియు మంచి మాటలే. పోయిన యేడు నేనును వ్రాసితిని. ఈ యేడు మాత్రము ఒక పాత కారు ఇంజనును గూర్చి వ్రాయుచున్నాను. అందులకు కారణమును ముందుగా చెప్పుట న్యాయము.

గత వేసవి సెలవులలో ఒక సాయంకాలము, మన బడిలో చదివిన యొక బాలుని తల్లి మా యింటికి వచ్చెను. ఆమె కుమారుడు పదవ తరగతి ముగించి, కార్లు మరమ్మతు చేయు ఒక షెడ్డులో రెండేండ్లుగా సహాయకుడై పనిచేయుచుండెను. అతడు నూనె మార్చిన యొక కారు ఇంజను పదునైదు దినములలో చెడిపోయినది. "నూనె పోసేది మరిచిపోయినాడని పనిలోనించి తీసేసినారు అయ్యవారూ. వాడేమో పోసినానంటాడు. మీరన్నా ఒక మాట చెప్పండి" అని ఆమె కంట తడి పెట్టుకొనెను.

నా మాటకు బడిలో కొంత విలువ యుండవచ్చును. చెడిన ఇంజను ముందు దానికి విలువ లేదు. ఆ ఇంజను ఏల చెడినదో దాని చేతనే చెప్పింపవలెను. చెప్పించు విధమే విప్పుట. అదృష్టవశమున ఆ కారు యజమాని దానిని హోసూరులో మరియొక షెడ్డునకు తరలించెను. ఆ షెడ్డు నడుపువాడు ఇరువదియైదేండ్ల క్రిందట నా తరగతిలో కూర్చుండినవాడే. ఇప్పుడతనిని అందరును మేస్త్రి యని పిలుతురు. ఆయన అనుమతితో మూడు దినములు ఆ షెడ్డులో ఒక పీట మీద కూర్చుండి చూచితిని. చూచినది చూచినట్లు వ్రాయుచున్నాను.

ఏ కారు, ఏ ఇంజను?

ఆ కారు పేరు ఎం.జి.బి. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు నగరమునందలి మారిస్ గ్యారేజెస్ అను వ్యాపారము నుండి పుట్టినది గనుక ఎం.జి. అను పేరు వచ్చినది. ఆక్స్‌ఫర్డునకు దగ్గరనున్న ఆబింగ్డన్ అను పట్టణమున 1929లో వీరి కర్మాగారము నెలకొనెను, 1980లో మూతపడెను. ఎం.జి.బి. 1962లో వెలువడి, ఆ కర్మాగారము మూతపడు వరకు సాగినది. మొత్తము అయిదు లక్షలకు పైగా తయారైనవి. ఇది స్పోర్ట్సు కారు. అనగా ఇద్దరు కూర్చుండుటకు మాత్రమే వీలైనది, కప్పు తీయదగినది, నేలకు దగ్గరగా పరుగెత్తునది. మేము విప్పినది 1966వ సంవత్సరపు కారు.

ఇంత దూరదేశపు కారుతో మనకేమి పని యని తోచవచ్చును. దాని ఇంజను మనకు పరాయిది కాదు. ఇది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి 'బి' శ్రేణి ఇంజను. ఆ శ్రేణిలోనిదే 1489 సి.సి. ఇంజను. అది 1955లో వెలువడిన ఎం.జి.ఎ. అను స్పోర్ట్సు కారునందు ఉండెను. మన అంబాసిడరు కారునందును చిరకాలము నడిచెను. ఎం.జి.బి. ఇంజను 1798 సి.సి. గలది. రెండింటను పిస్టను ఎక్కి దిగు దూరము ఒకటే, 88.9 మిల్లీమీటర్లు. సిలిండరు వెడల్పు మాత్రము అంబాసిడరునకు 73 మిల్లీమీటర్లు, దీనికి 80 మిల్లీమీటర్లకు కొంచెము పైన. 2014లో ఉత్తరపారలో అంబాసిడరు తయారీ ఆగినది. ఆ కారు టాక్సీలుగా తిరిగిన దినములలో దాని ఇంజనును విప్పిన చేతులు మన పట్టణములలో ఇంకను గలవు. ఆ చేతులకు ఎం.జి.బి. ఇంజను అన్న ఇంటికి తమ్ముడు వచ్చినట్లుండును.

లోపల జరుగు పని

ఇంజను లోపలి పనిని కుట్టు మిషనుతో పోల్చి చెప్పవచ్చును. కాలితో పలకను క్రిందికి పైకి త్రొక్కగా, దానికి తగిలించిన కడ్డీ పెద్ద చక్రమును త్రిప్పును. ఇంజనులో పాదమునకు బదులు పిస్టను ఉండును. మండిన పెట్రోలు వాయువు దానిని క్రిందికి నెట్టును. కడ్డీకి కనెక్టింగ్ రాడ్డు అని పేరు. త్రిప్పబడునది క్రాంకు షాఫ్టు. ఈ ఇంజనులో అట్టి సిలిండర్లు నాలుగు.

కనెక్టింగ్ రాడ్డు అడుగున ఒక పెద్ద కన్ను ఉండును. అది క్రాంకు షాఫ్టు మీది నున్నని మెడను చుట్టి పట్టుకొనియుండును. ఇనుము ఇనుమును ఒరసికొన్నచో క్షణములో కాలిపోవును గనుక, ఆ కంటిలో రెండు అర్ధచంద్రాకారపు చిప్పలు అమర్తురు. వాని వీపు ఉక్కు, లోపలి పూత మెత్తని మిశ్రలోహము. ఇవే బేరింగు చిప్పలు. మెడకును చిప్పకును నడుమ నుండు సందు అంగుళములో వేయింట ఒకటి రెండు వంతులు మాత్రమే. ఆ సందులోనికి పంపు నూనెను త్రోయుచుండును. ఇంజను నడుచునపుడు మెడ చిప్పను తాకదు. నూనె పొర మీద తేలుచుండును. నిమిషమునకు మూడువేల చుట్లు తిరుగు ఇంజనులో ఆ మెడ సెకనునకు ఏబది మారులు తిరుగును. అట్టి తిరుగుడులో నూనె కొన్ని క్షణములు అందకపోయినను ఏమగునో ఊహించుకొనవచ్చును.

నూనె నడచు దారి కూడ తెలిసియుండవలెను. క్రింది తొట్టి, అనగా సంపు నుండి, ఒక జల్లెడ గుండ పంపు నూనెను పీల్చును. అచటి నుండి ఫిల్టరునకు, ఫిల్టరు నుండి బ్లాకులోని పెద్ద కాలువకు, కాలువ నుండి క్రాంకు షాఫ్టును మోయు మెయిన్ బేరింగులకు, అచటి నుండి షాఫ్టులో తొలిచిన రంధ్రముల గుండ రాడ్డు బేరింగులకు అది చేరును. ఊరి చెరువు తూము వద్ద చెత్త అడ్డుపడినచో చివరి మడికి నీరందనట్లే, జల్లెడ మూసికొన్నచో రాడ్డు బేరింగులకు నూనె అందదు.

దింపుటకు ముందు

యజమాని కారు తెచ్చినపుడు ఇంజను లోపల సుత్తితో కొట్టినట్లు టకటక మను చప్పుడు వచ్చుచుండెను. మేస్త్రి దానిని కొద్దిసేపు మాత్రమే నడిపి, స్పార్కు ప్లగ్గుల తీగలను ఒక్కొక్కటిగా తప్పించి చూచెను. మూడవ సిలిండరు తీగను తీయగానే చప్పుడు చాల తగ్గినది. ఆ సిలిండరులో మంట లేనపుడు రాడ్డుపై ఒత్తిడి తగ్గును గనుక, వదులైన బేరింగు అచటనే యున్నదని గుర్తు. వెంటనే ఇంజనును ఆపివేసెను. చప్పుడు చేయు ఇంజనును "ఇంకొక్కసారి విందము" అని మరల మరల నడుపువారు బాగుచేయదగిన దానిని పారవేయదగిన దానిగా మార్తురు.

తరువాత రెండు గంటల కాలము ఆయన ఒక్క బోల్టు కూడ విప్పలేదు. ముందుగా అన్ని వైపుల నుండి ఫోటోలు తీసెను. ఒక ట్రేలో చిన్న సంచులు, అట్టముక్కలు, కలము పెట్టుకొనెను. తీసిన ప్రతి తీగకును, ప్రతి గొట్టమునకును చీటీ కట్టవలెను. ఆ చీటీలపై ఆయన "ముందు", "వెనుక", "కుడి", "ఎడమ", "రేడియేటరు కింద రెండు" అని తెలుగున వ్రాయుచుండెను. ఏలనని అడిగితిని. "చేతులకు నూనె అంటినప్పుడు మనసుకు మొదట తట్టే మాటే రాస్తా అయ్యవారూ. రెండు నెల్ల తరవాత చదివినా తికమక పడను" అని చెప్పెను. అతనికి నేర్పిన అక్షరములు అట్టముక్కల మీద కనబడినపుడు నాకు కలిగిన సంతోషమును ఇచట వర్ణింపను.

పానాల విషయమున ఒక హెచ్చరిక. ఈ కారు బోల్టులు అంగుళపు కొలతవి. అర అంగుళపు బోల్టు తలకు 13 మిల్లీమీటర్ల పానా దాదాపు సరిపోయినట్లే కనబడును. అర అంగుళమనగా 12.7 మిల్లీమీటర్లు, ఆ కొద్దిపాటి వదులు చాలును, గట్టిగా త్రిప్పినపుడు తల అంచులు అరిగి గుండ్రనగును. పిదప ఏ పానాకును అది లొంగదు. దాదాపు సరిపోవుట వేరు, సరిపోవుట వేరు.

మొదట బ్యాటరీ తీగ తీయవలెను. ఈ కారులో ఆసనముల వెనుక ఆరేసి వోల్టుల బ్యాటరీలు రెండుండును. మరియొక విశేషము: 1967కు ముందటి ఎం.జి.బి. కార్లలో బాడీకి కలిపినది ప్లస్ కొస. ఈ కాలపు కార్లలో మైనస్ కొస. అలవాటు మీద చేయి పెట్టువాడు ఇక్కడ పొరపడును.

తరువాత రేడియేటరు నీరు వదలిరి. పిదప నూనె. మేస్త్రి దానిని ఊరక పారబోయక కొలపాత్రలోనికి పట్టెను. మూడున్నర లీటర్లు వచ్చినది. ఫిల్టరులో నిలిచినదానిని కలుపుకొన్నచో ఇంజనులో నుండవలసిన దానికి ఇది కొంచెమే తక్కువ. నూనె నల్లబడియుండెను. ఎండలో పట్టి చూడగా అందు సన్నని తళుకు కనబడెను. అది అరిగిన బేరింగుల పొడి.

"చూచితిరా, నూనె ఉన్నది" అని నేను ఆత్రపడితిని. అచటనే యున్న యజమాని మర్యాదగా, "చప్పుడు మొదలైన తరువాత ఎవరైన పోసియుండవచ్చును గదా" అనెను. ఆయన మాటలో న్యాయమున్నది. కొలపాత్ర సాక్ష్యము చాలదు.

ఎత్తుట

బానెట్టును ఇద్దరు పట్టుకొని తీసి, గోడకు గుడ్డ పరచి నిలిపిరి. రేడియేటరును, దానిని మోయు రేకు చట్రముతో కూడ తీసిరి. ఈ ఇంజనుకు కార్బురేటర్లు రెండును, పొగగొట్టపు మొదలును ఎడమ ప్రక్కనే యుండును. డిస్ట్రిబ్యూటరు, డైనమో, నూనె ఫిల్టరు కుడి ప్రక్కన. ఎడమ వైపు పని ముగించి కుడి వైపునకు పోయిరి గాని, అటునిటు తిరుగలేదు. పెట్రోలు గొట్టమును విడదీసి కొసను బిగించి మూసిరి. నూనె చల్లబరచు చిన్న రేడియేటరు గొట్టములను కూడ విడదీసిరి.

ఇంజనును గేర్‌బాక్సుతో కూడ ఎత్తవచ్చును. గేర్‌బాక్సును కారులోనే యుంచి ఇంజనును మాత్రమే ఎత్తవచ్చును. మేస్త్రి రెండవ మార్గమును ఎంచుకొనెను. ఇందొక ప్రమాదమున్నది. గేర్‌బాక్సు నుండి వచ్చు సన్నని షాఫ్టు క్లచ్చి నడుమ దూరియుండును. ఇంజను బరువు దానిపై వ్రేలాడినచో షాఫ్టు గాని క్లచ్చి పలక గాని వంగును. కావున గేర్‌బాక్సు క్రింద జాకీ పెట్టి, ఇంజను బరువును చైను కప్పీ మీదికి తీసికొని, రెండును ఒకే వరుసలో నుండునట్లు చూచి, ఇంజనును తిన్నగా ముందునకు లాగవలెను. షాఫ్టు పూర్తిగా వెలువడిన తరువాతనే పైకెత్తవలెను.

ఇంజను పోత ఇనుముది. సుమారు ఒకటిన్నర క్వింటాళ్లు తూగును. అది వ్రేలాడుచున్నపుడు దాని క్రింద చేయి గాని కాలు గాని పెట్టరాదు. షెడ్డులోని కుఱ్ఱవాడొకడు పడిన నట్టును తీయుటకు వంగగా మేస్త్రి వానిని చొక్కా పట్టి వెనుకకు లాగెను. అంతవరకు మెల్లగా మాటలాడిన మనిషి అప్పుడొక్కసారి అరచెను. "నట్టు రూపాయికి దొరుకుతుందిరా" అని మాత్రము చెప్పి మరల పనిలో పడెను.

విప్పుట

ఇంజనును స్టాండునకు బిగించి, పైనుండి ప్రారంభించిరి. ఈ శ్రేణి ఇంజనులో ఒక మెలిక గలదు. వాల్వులను నొక్కు రాకరు షాఫ్టును పట్టియుంచు నట్టులలో కొన్ని, హెడ్డును బ్లాకునకు బిగించు స్టడ్డుల మీదనే యుండును. కావున రాకరు నట్టులను మాత్రము విప్పినచో ఒక ప్రక్క బిగువు పోయి హెడ్డు వంకరపోవచ్చును. హెడ్డు నట్టులన్నిటిని వరుస ప్రకారము కొంచెము కొంచెముగా వదులు చేయవలెను. అంబాసిడరు విప్పినవారికి ఈ సంగతి తెలియును.

పుష్ రాడ్డులు ఎనిమిది. వానిని తీసినప్పుడే అట్టకు ఎనిమిది రంధ్రములు చేసి, అంకెలు వేసి, వరుసగా గుచ్చిరి. వాని క్రింది టాపెట్లను కూడ అట్లే వరుసగా పెట్టిరి. అన్నియు ఒకే తీరుగా కనబడును గదా, కలిపివేసిన నేమి యని అడిగితిని. అనేక సంవత్సరములు ఒకదానితో నొకటి ఒరసికొన్న భాగములు ఒకదాని కొకటి అలవాటుపడియుండును. జత మార్చినచో రెండును మరల అరుగనారంభించును. కనెక్టింగ్ రాడ్డులకును వాని టోపీలకును ఇదే నియమము. ఒక రాడ్డు టోపీని మరియొక రాడ్డునకు ఎన్నడును బిగింపరాదు. వానిపై కొట్టియున్న అంకెలను చూచి ముందుగా వ్రాసికొనవలెను.

హెడ్డు తీసిన పిమ్మట ఇంజనును తలక్రిందులు చేసి సంపును విప్పిరి. ఇక్కడ అందరమును దగ్గరకు చేరితిమి. ఆ బాలుడును తల్లితో కూడ వచ్చి గుమ్మము వద్ద నిలిచియుండెను.

సంపు అంచున, గ్యాస్కెట్టునకు పైన, నీలిరంగు రబ్బరు వంటి పదార్థము పూసియుండెను. నూనె కారకుండుటకు ట్యూబునుండి తీసి పూయు సీలెంటు అది. సన్నని పొరగా పూసినచో మేలు చేయును. ఇక్కడ వేలి మందమున పూసియుండిరి. బిగించునపుడు అది వెలుపలికి వచ్చినంత లోపలికిని వచ్చును. వెలుపలికి వచ్చినది కంటికి కనబడును, తుడిచివేయుదురు. లోపలికి వచ్చినది నూనెలో నాని, త్రాళ్లుగా తెగి, పంపు పీల్చినపుడు జల్లెడ మీద వాలును. మేస్త్రి జల్లెడను తీసి తెల్లని గుడ్డ మీద పెట్టెను. దాని రంధ్రములలో ముప్పాతిక వంతు ఆ నీలి త్రాళ్లతో మూసికొని యుండెను.

ఎవరును కొంతసేపు మాటలాడలేదు. మేస్త్రియే యజమానికి వివరించెను. నూనె మార్చుటకు సంపు విప్పనక్కరలేదు. అడుగున నున్న ఒక్క ప్లగ్గును తీసిన చాలును. ఆ బాలుడు చేసిన పని నూనె, ఫిల్టరు మార్చుట మాత్రమేయని పాత షెడ్డువారి రసీదులోనే యున్నది. సంపు విప్పి సీలెంటు పూసిన చేయి అంతకు ముందటిది. అది యెవరిదో రసీదులు లేవు, మేమును వెదకలేదు. యజమాని జల్లెడను చేతిలోనికి తీసికొని త్రిప్పి త్రిప్పి చూచెను. పిదప గుమ్మము వైపు తిరిగి, "లోపలికి రా నాయనా" అని పిలిచెను.

కొలుచుట

మూడవ రాడ్డు టోపీ విప్పగా బేరింగు చిప్ప పూత పోయి, రాగి రంగు తేలి, ఒక అంచున పొరలు లేచియుండెను. రాడ్డు కన్ను వేడికి నీలపడియుండెను. తక్కిన మూడింటి చిప్పలును అరిగినవి గాని ఇంత కాదు. కడమ రాడ్డుల బేరింగులకు అరకొరగా అందిన నూనె ఒకచోట పూర్తిగా కొరవడెనని దాని యర్థము.

పిస్టన్లను పైకి తీయుటకు ముందు సిలిండరు పైయంచున అరుగక మిగిలిన గట్టును గీసివేయవలెను. లేనిచో పిస్టను రింగులు దానికి తగిలి విరుగును. పిస్టన్ల తరువాత ముందరి టైమింగు చైను, వెనుకటి ఫ్లైవీలు, చివరకు మెయిన్ బేరింగు టోపీలు. 1964 చివరి వరకు ఈ ఇంజనుకు మెయిన్ బేరింగులు మూడు, అటుపై అయిదు. మనదానికి అయిదు. నడిమి బేరింగు వద్ద షాఫ్టు ముందు వెనుకలకు జరుగకుండ ఆపు సన్నని బిళ్లలుండును. వానిని పోగొట్టరాదు, త్రిప్పి పెట్టరాదు.

తుడిచిన క్రాంకు షాఫ్టును మైక్రోమీటరుతో కొలిచిరి. ప్రతి మెడను నిలువున నొకసారి, అడ్డముగా నొకసారి, ఈ చివర, ఆ చివర కొలువవలెను. రాడ్డు మెడల అసలు కొలత 1.876 అంగుళము. నిలువు కొలతయు అడ్డు కొలతయు సమానము కానిచో మెడ కోడిగ్రుడ్డు వలె అరిగినదన్నమాట. అట్టి దానికి క్రొత్త చిప్పలు వేసినను ప్రయోజనము లేదు. మూడవ మెడ మీద గోటికి తగులునంత గీతలుండెను.

ఇక్కడ పాతకాలపు ఇంజను తయారుచేసినవారి ముందుచూపును మెచ్చుకొనవలెను. చెడిన మెడను లేతు వంటి యంత్రముపై సానపట్టి సన్నము చేయవచ్చును. అంగుళములో వేయింట పది, ఇరువది, ముప్పది, నలువది వంతులు తగ్గించిన మెడలకు సరిపడునట్లు అంత మందము పెరిగిన చిప్పలు దొరకును. సానపట్టుటకు ముందు అయస్కాంతముతో పగుళ్ల పరీక్ష చేయించిరి. పగులున్నచో ఇనుపపొడి ఆ గీత వెంబడి చేరును. పగుళ్లు లేవు. ఇరువది వంతులు తగ్గించుటతో నాలుగు మెడలును నున్నగా తేలినవి. నీలపడిన రాడ్డును మాత్రము పారవేసి, అదే తూకముగల మరియొక పాత రాడ్డును సంపాదించిరి. సిలిండర్లు అంతగా అరుగలేదు; రాపిడి పట్టించి క్రొత్త రింగులు వేయుటకు నిర్ణయించిరి.

మిగిలిన పని శుభ్రత. షాఫ్టులోని నూనె రంధ్రములను, బ్లాకులోని కాలువలను బ్రష్షుతో తోమి, గాలి కొట్టి, మరల తోమిరి. నూనె చల్లబరచు రేడియేటరును కడిగి వాడుటకు మేస్త్రి ఒప్పుకొనలేదు, క్రొత్తది తెప్పించెను. దాని లోపల దాగిన బేరింగు పొడి క్రొత్త చిప్పలలోనికి వచ్చినచో చేసిన పనియంతయు వ్యర్థమగును. మరల బిగించునపుడు చేతి బలమును నమ్మరాదు. బిగువును చూపు టార్కు పానాతో, మెయిన్ టోపీలకు 70 పౌను-అడుగులని, తక్కిన వానికి వాని వాని లెక్క ప్రకారమని బిగింపవలెను.

బాలుని తప్పు

బాలుడు నిర్దోషియని ఇచట ముగించిన నాకు సులభము, చదువరులకు సంతోషము. కాని నడిచినదంతయు చెప్పవలెను. మూడవ దినమున మేస్త్రి వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "నూనె మార్చినాక ముల్లు ఎంత చూపించింది?" అని అడిగెను. ఎం.జి.బి.లో నూనె ఒత్తిడిని చూపు ముల్లు డ్రైవరు ఎదుటనే యుండును. వేడెక్కిన ఇంజను పరుగులో చదరపు అంగుళమునకు 50 మొదలు 80 పౌనుల వరకు చూపవలెను. బాలుడు తల వంచుకొని, "ముప్పైకి పైకి లేవలా అన్నా" అనెను. మరి యేల చెప్పలేదనగా, "ఆయప్ప ఇంగ్లీషులో మాట్లాడతా ఉండె. నాకు మాట రాలా. మా ఓనరుకు చెప్తే తిడతాడని గమ్మునుంటి" అనెను.

ఆనాడు ఆ ఒక్క మాట చెప్పియుండినచో సంపు విప్పి జల్లెడ కడుగుటతో పోయెడిది. క్రాంకు షాఫ్టు మిగిలెడిది, యజమాని ధనము మిగిలెడిది, వాని ఉద్యోగము మిగిలెడిది. ఈ మాట వినినప్పుడు నాకు కోపము రాలేదు, సిగ్గు కలిగెను. పది సంవత్సరములు వానికి చదువు చెప్పినది మేమే. పద్యములు వల్లె వేయించితిమి, లెక్కలు చేయించితిమి. తెలిసిన దానిని తెలిసిన భాషలో, పెద్దవారి ఎదుట, భయపడక చెప్పుటను నేర్పలేకపోతిమి. ముప్పది అను అంకెను వేలితో చూపినను చాలియుండెను. వానికి కొరవడినది ఇంగ్లీషు కాదు.

తల్లిదండ్రులకు నేను చేయు మనవి కొద్దిపాటిది. పిల్లవాడు ఇంటిలో చెడిన సైకిలునో, కుట్టు మిషనునో విప్పెదనన్నపుడు వలదనకుడు. విప్పుటకు ముందు ఒక అట్టముక్కయు కలమును చేతికిండు. తీసిన వరుసను వ్రాయుమనుడు. పాడుచేసినచో ఎట్లు పాడైనదో చెప్పుమని అడుగుడు, చెప్పినందుకు కొట్టకుడు. షెడ్డు పని చదువు రానివారిది యను తలంపు మనలో పలువురికి గలదు. నేను చూచిన మూడు దినములలో భిన్నములు, దశాంశములు, కొలతలు, సాక్ష్యమును తూచి చూచుట, అన్నియు అచటనే కనబడినవి.

ఈ యేటి నుండి మన బడిలో ఎనిమిదవ తరగతి వారికి నెలకొక శనివారము ఒక పాత యంత్రమును విప్పి, వరుస వ్రాసి, మరల బిగించు పనిని ఏర్పరచితిమి. విప్పినదానిని ఒక్కొక్కరును లేచి నిలిచి పది వాక్యములలో వివరింపవలెను. మేస్త్రి నెలకొకసారి వచ్చుటకు అంగీకరించెను. ఆయన వెంట వచ్చువాడు ఆ బాలుడే. ఇప్పుడు ఆ షెడ్డులోనే పనిచేయుచున్నాడు. ఏ కారు వచ్చినను మొదట ముల్లు చూపిన అంకెను పుస్తకములో వ్రాసి, యజమానికి వినిపించిన పిదపనే బానెట్టు ఎత్తుట వానికి నియమము.

పొరలు లేచిన ఆ మూడవ చిప్పయు, నీలి త్రాళ్లు పట్టిన జల్లెడయు యజమాని మన బడికి ఇచ్చిరి. అవి విజ్ఞానశాస్త్రపు గదిలో, కిటికీ ప్రక్క బీరువాలో నున్నవి. తల్లిదండ్రులు ఏ పనిదినమున వచ్చినను తాళము తీయించి చూపింతును. చిప్ప అంచు పదునుగా నున్నది, పిల్లలను తాకనీయకుడు.